జీవో చదివినట్టే చరిత్ర రాయాలి: గ్రూప్-1 మెయిన్స్‌లో పత్రాల ఆధారంగా జవాబు రాయడం ఎలా?

హైదరాబాద్: చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల, అశోక్‌నగర్ గల్లీల్లో, నారాయణగూడ హాస్టళ్లలో చదువుకుంటున్న వేల మందికి తెలంగాణ ఉద్యమ చరిత్ర కంఠతా వచ్చు. తారీఖులు వచ్చు, కమిటీల పేర్లు వచ్చు. అయినా మెయిన్స్ మార్కులు చూసుకుని "అన్నీ రాశాను, మరి ఎందుకు పడలేదు?" అని అడిగేవాళ్లు చాలామంది. తెలిసినదంతా రాయడం వేరు, తెలిసినదాన్ని రుజువుగా చూపించడం వేరు. మార్కుల తేడా ఎక్కువగా అక్కడే వస్తుంది.

గ్రూప్-1 ఎదురుచూపు ఎంత కఠినమో ఈ ప్రాంతానికి చెప్పనక్కర్లేదు. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో పడింది. ఆ ప్రిలిమ్స్ ఒకసారి పేపర్ లీక్ వల్ల రద్దయింది, మరోసారి హైకోర్టు తీర్పుతో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. మెయిన్స్ 2024 అక్టోబర్ 21 నుంచి 27 వరకు జరిగాయి. ఇన్నేళ్లు గది అద్దె, మెస్ బిల్లు కట్టుకుంటూ చదివినవాళ్లకు ఒక్కో జవాబులో ఒకటి రెండు మార్కులు కూడా చిన్న విషయం కాదు.

ఆ మార్కుల్ని తెచ్చిపెట్టే పద్ధతి ఒకటి ఉంది. ప్రతి వాదన కింద ఒక అసలు పత్రాన్ని పెట్టడం. ఫర్మానా, ఒప్పందం, కమిషన్ నివేదిక, కోర్టు తీర్పు, జీవో, చట్టం, ఏదైనా కావచ్చు. బీకాం చదివినవాళ్లకు ఈ సూత్రం తెలిసిందే: వోచర్ లేని ఎంట్రీ ఆడిట్‌లో నిలబడదు. చరిత్ర జవాబు కూడా అంతే.

ఏ పేపర్‌కు పనికొస్తుంది?

మెయిన్స్‌లో ఇంగ్లీష్ అర్హత పేపర్ కాక ఆరు పేపర్లు. ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 900. ఈ పద్ధతి సూటిగా పనికొచ్చేది రెండింటికి: చరిత్ర-సంస్కృతి-భూగోళం ఉండే రెండో పేపర్, తెలంగాణ ఉద్యమం-రాష్ట్ర ఆవిర్భావం అనే ఆరో పేపర్. ఆరో పేపర్ మూడు భాగాలు: 1948 నుంచి 1970 దాకా తెలంగాణ భావన, 1971 నుంచి 1990 దాకా సమీకరణ దశ, 1991 నుంచి 2014 దాకా రాష్ట్ర ఏర్పాటు దిశగా సాగిన దశ. ఈ మూడు భాగాల నిండా కాగితాలే. అందుకే ఈ వ్యాసంలో ఉదాహరణలన్నీ ఆరో పేపర్ నుంచే తీసుకున్నాం.

ప్రశ్నలోనే పత్రం ఇచ్చి దాని మీద రాయమనే పరీక్షలు కూడా ఉన్నాయి. మన పదో తరగతి సోషల్‌లో "కింది పేరా చదివి వ్యాఖ్యానించండి" అనేది అలాంటిదే. అమెరికాలో మన తెలుగు పిల్లలు హైస్కూల్లో రాసే ఏపీ హిస్టరీ పరీక్షలోనైతే ఏడు పత్రాలు ఇస్తారు, గంటలో వ్యాసం రాయాలి, అందులో మొదటి పావుగంట చదవడానికే. గ్రూప్-1లో పత్రం ఎవరూ ఇవ్వరు. మీరే తలలో పెట్టుకుని వెళ్లాలి. తేడా అదొక్కటే, ఆలోచించే పద్ధతి మాత్రం ఒకటే.

పత్రాన్ని అడగాల్సిన ఐదు ప్రశ్నలు

2024 అక్టోబర్‌లో ఇదే అశోక్‌నగర్‌లో అభ్యర్థులు జీవో 29 మీద రోడ్డెక్కారు. అంతకుముందున్న జీవో 55లో ఏముంది, 29లో ఏ మాట మారింది, ఆ మాటతో ఎవరికి నష్టం, ఎవరు జారీ చేశారు, ఏ తేదీన? టీ బండి దగ్గర కూడా ఇవే ప్రశ్నలు నడిచాయి. తమ బతుకు మీద పడే కాగితాన్ని మనవాళ్లు చాలా బాగా చదువుతారు. చరిత్ర కాగితాన్ని కూడా అట్లాగే చదవాలి.

ఒకటి, ఎవరు రాశారు? ప్రభుత్వమా, పార్టీ నాయకులా, కోర్టా, ఉద్యోగ సంఘమా? రెండు, ఎప్పుడు? దానికి ముందు ఏం జరిగింది, వెంటనే తర్వాత ఏం జరిగింది? మూడు, ఎవరి కోసం? ఎవర్ని శాంతింపజేయడానికి, ఎవర్ని ఒప్పించడానికి? నాలుగు, అందులో సరిగ్గా ఏ మాట ఉంది, ఏ అంకె ఉంది? ఐదు, ఏం చెప్పకుండా వదిలేసింది, చెప్పింది ఎంతవరకు అమలైంది?

చాలామంది నాలుగో ప్రశ్నలో సగం దగ్గరే ఆగిపోతారు. "ఒప్పందంలో 14 అంశాలు ఉన్నాయి" అని రాసి వాటిని వరసపెడతారు. మార్కులు నిజానికి ఐదో ప్రశ్న దగ్గర ఉంటాయి.

తప్పకుండా దగ్గరుంచుకోవాల్సిన పత్రాలు

యాభై పత్రాలు అక్కర్లేదు. పన్నెండు, పదిహేను సరిపోతాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవి. ప్రతి దానికీ తేదీ, ఒక కీలక నిబంధన, ఒక పరిణామం గుర్తుంటే చాలు.

1. ముల్కీ నిబంధనల ఫర్మానా, 1919. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చింది. స్థానికేతరులు ముల్కీ కావాలంటే కనీసం 15 ఏళ్ల స్థిరనివాసం ఉండాలి, తిరిగి సొంత ప్రాంతానికి వెళ్లే ఉద్దేశం లేదని ప్రమాణపత్రం ఇవ్వాలి.

2. రాష్ట్రాల పునర్విభజన కమిషన్ నివేదిక, 1955 సెప్టెంబర్ 30. అధ్యక్షుడు జస్టిస్ ఫజల్ అలీ, సభ్యులు హెచ్.ఎన్. కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్. 386వ పేరా కీలకం: తెలంగాణ ప్రస్తుతానికి హైదరాబాద్ పేరుతో విడి రాష్ట్రంగా ఉండాలి. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరితేనే ఆంధ్రతో విలీనం.

3. పెద్దమనుషుల ఒప్పందం, 1956 ఫిబ్రవరి 20, ఢిల్లీ. ఆంధ్ర వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు.

4. ప్రభుత్వ ఉద్యోగాల్లో నివాస అర్హత చట్టం, 1957. దానిలో తెలంగాణకు సంబంధించిన భాగాన్ని 1969 మార్చి 28న కొట్టేసిన సుప్రీంకోర్టు తీర్పు.

5. ఇందిరాగాంధీ ఎనిమిది సూత్రాల పథకం, 1969 ఏప్రిల్ 11.

6. ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు తీర్పు, 1972 అక్టోబర్ 3. జై ఆంధ్ర ఉద్యమం ఎగసిపడింది దీని తర్వాతే.

7. ఆరు సూత్రాల పథకం, 1973 సెప్టెంబర్ 21. దాన్నుంచి వచ్చిన 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణం, 1975 అక్టోబర్ 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు.

8. జీవో 610, 1985 డిసెంబర్ 30. ఎన్టీఆర్ ప్రభుత్వం ఇచ్చింది. రాష్ట్రపతి ఉత్తర్వుకు విరుద్ధంగా 5, 6 జోన్లలో నియమితులైన స్థానికేతరులను 1986 మార్చి 31 లోపు వాళ్ల సొంత జోన్లకు పంపాలి.

9. కేంద్ర హోంమంత్రి చిదంబరం రెండు ప్రకటనలు: 2009 డిసెంబర్ 9, డిసెంబర్ 23.

10. శ్రీకృష్ణ కమిటీ నివేదిక, 2010 డిసెంబర్ 30. ఆరు ప్రత్యామ్నాయాలు.

11. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014. లోక్‌సభ ఫిబ్రవరి 18న, రాజ్యసభ ఫిబ్రవరి 20న ఆమోదించాయి. అమలు తేదీ జూన్ 2. ఐదో సెక్షన్ ప్రకారం హైదరాబాద్ పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని.

ఈ పట్టిక బట్టీ పట్టడం మొదటి మెట్టు మాత్రమే. అసలు పని వీటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటం.

కాగితం పక్కన కాగితం

ఒక ప్రశ్న తీసుకుందాం: "పెద్దమనుషుల ఒప్పందం ఎందుకు విఫలమైంది? విమర్శనాత్మకంగా పరిశీలించండి."

మామూలుగా కనిపించే జవాబు ఇట్లా ఉంటుంది: "1956లో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ఇందులో 14 అంశాలు ఉన్నాయి. తెలంగాణకు ఎన్నో రక్షణలు కల్పించారు. కానీ పాలకులు వాటిని ఉల్లంఘించారు. ఉద్యోగాల్లో, నిధుల్లో తీవ్ర అన్యాయం జరిగింది. అందువల్ల 1969లో ఉద్యమం వచ్చింది."

ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. కానీ ఇది వెయ్యి మంది రాసే జవాబు. ఏ హామీ, ఎట్లా విఫలమైంది అనేది లేదు. "ఎందుకు" అన్న ప్రశ్నకు "ఉల్లంఘించారు కాబట్టి" అనేది జవాబు కాదు.

ఇప్పుడు పత్రాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒప్పందంలో ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి వస్తే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి రావాలని ఉంది. 1956 నవంబర్ 1న ఏర్పడిన తొలి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రే లేరు. ఒప్పందంలో 20 మందితో ప్రాంతీయ మండలి ఉంది, అందులో ఐదుగురు చట్టసభల బయటి వ్యక్తులు. 1958 రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చిన ప్రాంతీయ కమిటీ తెలంగాణ శాసనసభ్యులకే పరిమితమైంది. ఒప్పందంలో ఉద్యోగాలకు 12 ఏళ్ల నివాసం షరతు ఉంది. దాన్ని అమలు చేయడానికి పార్లమెంటు 1957లో చట్టం చేసింది. ఆ చట్టాన్ని 1969లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కారణం: రాజ్యాంగం 16(3) ప్రకారం పార్లమెంటు ఒక రాష్ట్రంలో నివాసం అడగొచ్చు గానీ, రాష్ట్రంలోని ఒక భాగంలో నివాసం అడగలేదు.

ఇవి పక్కపక్కన పెట్టగానే జవాబు దానంతట అదే కనిపిస్తుంది. అప్పుడు పేరా ఇట్లా రాయొచ్చు:

"1956 ఫిబ్రవరి 20న కుదిరిన ఒప్పందం రెండు విధాలుగా విఫలమైంది. చట్టరూపం రాని హామీలు నాయకుల ఇష్టాయిష్టాల మీద ఆధారపడ్డాయి. తొలి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి పదవి లేకపోవడం దీనికి రుజువు. చట్టరూపం వచ్చిన హామీ రాజ్యాంగ పరీక్షలో నిలవలేదు. 1957 నాటి నివాస అర్హత చట్టాన్ని 1969 మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టివేయడం దీనికి రుజువు. అంటే లోపం అమలులోనే కాదు, ఒప్పందానికి రాజ్యాంగ బలం లేకపోవడంలో కూడా ఉంది. 1973 ఆరు సూత్రాల తర్వాత రక్షణలను నేరుగా రాజ్యాంగంలో 371-డిగా చేర్చాల్సి రావడం ఈ విషయాన్నే చూపుతుంది."

పొడవులో పెద్ద తేడా లేదు. ఆవేశపు మాట ఒక్కటీ లేదు. కానీ చదివినవారికి ఈ అభ్యర్థి కారణం పట్టుకున్నాడని తెలుస్తుంది. ఈ వాదనను ఇంకో మెట్టు ముందుకు కూడా తీసుకెళ్లొచ్చు. రాజ్యాంగంలో చేర్చాక సమస్య తీరిందా? తీరలేదు. 1975 ఉత్తర్వును ఉల్లంఘించి నియామకాలు జరిగాయి కాబట్టే 1985లో జీవో 610 వచ్చింది. ఆ జీవోకు గడువు మూడు నెలలు. అది అమలైందో లేదో తేల్చడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఫర్మానా, ఒప్పందం, చట్టం, రాజ్యాంగ సవరణ, జీవో: ప్రతిసారీ కాగితం బలం పెరిగింది, అమలు మాత్రం వెనకబడింది. ఉద్యోగాల గురించి ఏ ప్రశ్న వచ్చినా ఈ ఒక్క గొలుసు మీకు దారి చూపుతుంది.

అంకెను అట్లాగే మింగొద్దు

పత్రంలో అంకె ఉంటే అది దేని మీద లెక్కో చూడాలి. విశాలాంధ్ర గురించి రాసేటప్పుడు చాలామంది "హైదరాబాద్ అసెంబ్లీలో 103 మంది విలీనాన్ని సమర్థించారు" అని రాసి ముందుకు వెళ్తారు. 1955 చివర్లో జరిగిన ఆ చర్చలో అభిప్రాయం చెప్పినవారు 147 మంది. 103 మంది విశాలాంధ్రకు, 29 మంది తెలంగాణకు అనుకూలం, 15 మంది తటస్థం.

ఇప్పుడు లెక్క వేయండి. 147లో 103 అంటే 70 శాతం. అసెంబ్లీ మొత్తం బలం 175. అందులో 103 అంటే 59 శాతం, మూడింట రెండొంతులకు 117 కావాలి. పైగా అది ఓటింగ్ కాదు, చర్చలో చెప్పిన అభిప్రాయాలు. ఆ సభలో మరాఠీ, కన్నడ ప్రాంతాల సభ్యులు కూడా ఉన్నారు. ఫజల్ అలీ కమిషన్ అడిగింది 1961 ప్రాంతపు ఎన్నికల తర్వాత, మిగిలిన హైదరాబాద్ రాష్ట్ర సభ ఇచ్చే మెజారిటీని. రెండూ ఒకటి కావు. ఈ నాలుగు వాక్యాలు రాస్తే 386వ పేరా మీరు నిజంగా చదివారని ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అదే సమయంలో అభిప్రాయం చెప్పినవారిలో ఎక్కువమంది విలీనం వైపే ఉన్నారన్న నిజాన్ని కూడా దాచొద్దు. రెండూ రాసిన జవాబే బలమైన జవాబు.

1969 మృతుల సంఖ్య కూడా అంతే. ఉద్యమ వర్గాలు చెప్పే అంకె 369. అధికారిక లెక్క అంతకంటే తక్కువ. "369 మంది మరణించారు" అని తీర్పులా రాయకుండా "ఉద్యమకారుల లెక్క ప్రకారం 369 మంది" అని రాయండి. అంకె ఎవరిదో చెప్పడం అమరులను తక్కువ చేయడం కాదు. మీ మాటకు బరువు పెంచుకోవడం.

1948 గురించి ఎట్లా రాయాలి?

మన పాఠకుల్లో చాలామంది పిల్లలు తడబడేది ఇక్కడే. ఇంట్లో తాత, నానీల దగ్గర విన్న పోలీస్ యాక్షన్ వేరు, కోచింగ్ నోట్సులో ఉన్న పోలీస్ యాక్షన్ వేరు. పరీక్షలో కొందరు భయపడి విషయమే వదిలేస్తారు. కొందరు ఆవేశంతో రాస్తారు. రెండూ నష్టమే. పత్రాలు ఉన్నప్పుడు భయం అక్కర్లేదు, ఆవేశమూ అక్కర్లేదు.

1947 నవంబర్ 29 నాటి యథాతథ ఒప్పందం ఉంది. 1948లో భారత ప్రభుత్వం హైదరాబాద్ మీద వేసిన శ్వేతపత్రం ఉంది. అది సైనిక చర్యకు ముందు తన వాదన చెప్పుకోవడానికి ప్రభుత్వం రాసింది, ఆ దృష్టితోనే చదవాలి. రజాకార్ల దాడులకు ఆధారాలు ఉన్నాయి, వాటిని రాయాలి. సెప్టెంబర్ 13న మొదలైన సైనిక చర్య 17న నిజాం లొంగుబాటు ప్రకటనతో ముగింపుకు వచ్చింది. ఆ తర్వాత జరిగినదానికి సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఉంది. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా సంస్థానమంతా తిరిగారు. పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత కనీసం 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారని వాళ్ల అంచనా. నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు.

ఇక్కడ కూడా ఐదు ప్రశ్నలు అడగాలి. ఇది ప్రభుత్వం పంపిన బృందమే రాసింది కాబట్టి దానికి బరువు ఉంది. కానీ ఇచ్చింది అంచనా మాత్రమే, పేరు పేరునా లెక్క కాదు. ఎక్కువ నష్టం జరిగినట్టు చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఇవి నేటి తెలంగాణలో లేవు. కాబట్టి ఆ అంకెను యథాతథంగా తెలంగాణ జిల్లాలకు అంటగట్టడం తప్పు. హైదరాబాద్ సంస్థానం మొత్తానికి అని స్పష్టంగా రాయాలి.

ఇక పేరు విషయం. ఒకే సెప్టెంబర్ 17ను కేంద్రం 2022 నుంచి విమోచన దినంగా జరుపుతోంది. అదే ఏడాది అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అన్నది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అన్నది. విమోచన, విలీనం, విద్రోహం: ఏ మాట వాడితే ఆ వాదనను ఒప్పుకున్నట్టు అవుతుంది. ప్రశ్నలో ఏ మాట ఉందో చూసి, జవాబులో ఈ పేర్లు ఎవరివో ఒక వాక్యంలో చెప్పి, తర్వాత వాదనలోకి వెళ్లండి.

ఉర్దూ వచ్చినవాళ్లకు ఒక మేలు

గ్రూప్-1 మెయిన్స్ తెలుగు, ఇంగ్లీష్, ఉర్దూ మూడింటిలో ఏదో ఒక భాషలో రాయొచ్చు. ఏ భాషలో రాసినా, ఉర్దూ చదవడం వచ్చినవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. సంస్థానం కాలపు ఫర్మానాలు, జరీదాలు, దఫ్తర్ కాగితాలు చాలావరకు ఉర్దూలోనే ఉన్నాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉర్దూ, ఫార్సీ పత్రాల పెద్ద నిధి ఉంది. నోట్సులో ఒక వాక్యంగా చదివినదాన్ని అసలు రూపంలో చూస్తే మర్చిపోరు.

ఒక్క జాగ్రత్త: తేదీలు. పాత కాగితాల మీద హిజ్రీ, ఫస్లీ సంవత్సరాలు ఉంటాయి. ముల్కీ ఫర్మానా తేదీ 1337 హిజ్రీ రంజాన్ 25, అంటే 1919 జూన్. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే దాదాపు క్రీస్తుశకం వస్తుంది.

పెద్దమనుషుల ఒప్పందంలో మన సమాజానికి నేరుగా సంబంధించిన రెండు నిబంధనలు ఉన్నాయి. నోట్సుల్లో ఇవి తరచుగా ఒక్క లైనులో పోతాయి. తెలంగాణలో పరిపాలన, న్యాయస్థానాల్లో ఉర్దూ స్థానం ఐదేళ్లు కొనసాగాలన్నది ఒకటి. మంత్రివర్గంలో ఆంధ్ర, తెలంగాణ 60:40 ఉండాలి, ఆ 40లో ఒకరు తెలంగాణ ముస్లిం కావాలన్నది రెండోది. మైనారిటీల గురించో, భాషా విధానం గురించో ప్రశ్న వస్తే వీటిని వాడండి. ఉర్దూకు 1956లో ఐదేళ్ల గడువు ఇచ్చారు. 2017లో తెలంగాణ అసెంబ్లీ రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసింది. ఈ రెండు పత్రాల మధ్య ఒక మంచి వ్యాసమే ఉంది.

పరీక్ష హాల్లో 12 నిమిషాలు

150 మార్కులకు 180 నిమిషాలు. అంటే 10 మార్కుల ప్రశ్నకు 12 నిమిషాలు. దాన్ని ఇట్లా పంచుకోవచ్చు.

మొదటి 2 నిమిషాలు ప్రశ్నకే. "వివరించండి" అంటే ఏం జరిగిందో చెప్పాలి. "పరిశీలించండి", "అంచనా వేయండి" అంటే మీ తీర్పు కావాలి. మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక వాక్యం వాదన, మూడు పత్రాల పేర్లు రాసుకోండి.

తర్వాతి 1 నిమిషం ప్రవేశిక. రెండు వాక్యాలు చాలు. ప్రశ్నకు మీ జవాబు మొదటి పేరాలోనే కనిపించాలి. శాతవాహనుల నుంచి మొదలుపెట్టొద్దు.

తర్వాతి 7 నిమిషాలు మూడు పేరాలు. ప్రతి పేరా ఒక వాదనతో మొదలవ్వాలి, దాని కింద పత్రం, దాని తర్వాత "దీన్నిబట్టి" అనే మీ మాట. మూడో పేరాలో మీ వాదనకు ఎదురు నిలిచే పత్రం ఒకటి తప్పకుండా పెట్టండి. ఉదాహరణకు రాష్ట్ర ఏర్పాటు అనివార్యం అని రాస్తుంటే, శ్రీకృష్ణ కమిటీ తన ఆరు ప్రత్యామ్నాయాల్లో మొదటి ప్రాధాన్యం ఆరోదానికి, అంటే రక్షణలతో కూడిన సమైక్య రాష్ట్రానికి ఇచ్చిందని, ప్రత్యేక తెలంగాణను రెండో మేలైన మార్గంగా చెప్పిందని రాయాలి. రాసి, అది ఎందుకు నిలవలేదో చెప్పాలి. ఎదురు పత్రాన్ని దాచిపెట్టిన జవాబు పేపర్ దిద్దేవారికి సగం జవాబులా కనిపిస్తుంది.

చివరి 2 నిమిషాలు ముగింపు, తేదీల సరిచూపు. ముగింపులో కొత్త విషయం వద్దు. "ఇప్పటికైనా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి" లాంటి ఉపన్యాసం అసలే వద్దు.

జనరల్ ఎస్సేకి సమయం ఎక్కువ దొరుకుతుంది. పద్ధతి ఇదే, పత్రాలు ఐదారు వాడొచ్చు.

తరచుగా పోయే మార్కులు

పత్రం పేరు చెప్పి వదిలేయడం. "జీవో 610 ప్రకారం అన్యాయం జరిగింది" అంటే అర్థమే తలకిందులైంది. ఆ జీవో అన్యాయాన్ని సరిచేయడానికి వచ్చింది.

రెండు తీర్పులు కలిపేయడం. 1969 తీర్పు 1957 చట్టం గురించి. 1972 తీర్పు ముల్కీ నిబంధనల గురించి. మొదటిది తెలంగాణలో ఆందోళన పెంచింది, రెండోది ఆంధ్రలో.

తేదీ గుర్తులేకపోతే ఊహించి రాయడం. రోజు గుర్తులేకపోతే సంవత్సరం చాలు. తప్పు తేదీ మిగతా తేదీల మీద కూడా అనుమానం తెస్తుంది.

కొటేషన్లు సొంతంగా అల్లడం. నెహ్రూ ఇట్లా అన్నారు, ఇందిర అట్లా అన్నారు అంటూ ఇన్వర్టెడ్ కామాల్లో మీ మాటలు పెట్టొద్దు. భావం చెప్పండి, చాలు.

ప్రకటనను, చట్టాన్ని ఒకేలా చూడటం. 2009 డిసెంబర్ 9 ప్రకటన తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందన్నది. రెండు వారాలకే డిసెంబర్ 23 ప్రకటన విస్తృత సంప్రదింపులు కావాలన్నది. ప్రకటనకూ చట్టానికీ మధ్య నాలుగేళ్ల పైచిలుకు పోరాటం ఉంది. ఆ తేడా చెప్పడమే చరిత్ర రాయడం.

ఎక్కడ, ఎట్లా ప్రాక్టీస్ చేయాలి?

ఖర్చు పెట్టాల్సిన పని లేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో, హిమాయత్‌నగర్ తెలుగు అకాడమీ పుస్తకాల్లో, ఆదివారం ఆబిడ్స్ పాత పుస్తకాల దగ్గర చాలావరకు దొరుకుతాయి. ఫజల్ అలీ నివేదిక, శ్రీకృష్ణ నివేదిక, పునర్వ్యవస్థీకరణ చట్టం, సుప్రీంకోర్టు తీర్పులు పీడీఎఫ్‌లుగా ఉచితంగా ఉన్నాయి. మొత్తం చదవక్కర్లేదు, తెలంగాణ ఉన్న పేజీలు చదవండి.

వారానికి రెండు పత్రాలు తీసుకోండి. ఒక్కోదానికి ఒక్క పేజీ: తేదీ, రాసినవారు, ఒక నిబంధన, వదిలేసిన విషయం, తర్వాతి పరిణామం. ఆరు వారాల్లో పన్నెండు పేజీలు. గదిలో ముగ్గురు ఉంటే ఒకరు పత్రం చదవాలి, ఒకరు దాని వైపు, ఒకరు దానికి ఎదురుగా వాదించాలి. అరగంట చాలు. తర్వాత ఎవరికి వారు గడియారం పెట్టుకుని 12 నిమిషాల్లో జవాబు రాసి, పేపర్లు మార్చుకుని దిద్దుకోండి. దిద్దేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: ప్రతి పేరాలో వాదన కింద ఆధారం ఉందా?

ఈ అలవాటు పరీక్షతో అయిపోదు. గ్రూప్-1 అధికారి అంటే రేపు తన సంతకంతో ఉత్తర్వులు పంపే మనిషి. ఒక గడువు తేదీ అమలు కాకపోతే కింద ఎంతమంది బతుకులు ఆగిపోతాయో జీవో 610 చదివినవారికి తెలుస్తుంది. ఆ ఎరుకతో రాసిన జవాబుకు మార్కులు వస్తాయి. ఆ ఎరుకతో కుర్చీలో కూర్చుంటే జనానికి మేలు జరుగుతుంది.